రాగిరేకులకు స్వరం కట్టినాయన

రాళ్ళపల్లి నుంచి

చిన్నాయనా, మన లింగాల చీనీతోటలు దాటి, ధర్మవరం, కళ్యాణదుర్గం మీదుగా కంబదూరు మండలంలోకి వస్తే ఈ ఊరు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1893 జనవరి 23న పుట్టింది ఇక్కడే. సంగీతంలో తొలి గురువు తల్లి అలమేలు మంగమ్మ. రాయలసీమ అనగానే కరువు మాట ఎత్తేవాళ్ళకు ముందుగా ఈ ఊరి పేరు చెప్పాలి.

మైసూరు నుంచి

కట్టమంచి రామలింగారెడ్డి పిలుపుతో శర్మగారు 1912లో ఇక్కడి మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరారు. 1949 దాకా ఇదే ఉద్యోగం. పగలు పాఠాలు చెబుతూనే బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర సంగీతానికి సానబెట్టుకున్నారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు నేటికీ విమర్శకులకు దారి చూపుతున్నాయి. ‘గానకళె’ అని కన్నడంలోనూ పుస్తకం రాశారు.

అదే కాలంలో, ఎక్కడో బ్రెజిల్‌లో, స్వరకర్త హెయిటర్ విలా-లోబోస్ తన దేశపు పల్లెపాటల బాణీలను జర్మన్ స్వరకర్త బాఖ్ పద్ధతితో కలిపి 1930 నుంచి 1945 దాకా తొమ్మిది కూర్పులు చేశాడు. తన నేల పాటను పెద్ద కచేరీకి ఎక్కించాలనే తపన ఇద్దరిదీ. శర్మగారి ముందున్న పని మాత్రం ఇంకా చిక్కైనది.

తిరుపతి నుంచి

ఆ చిక్కేమిటో ఇక్కడ తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పాట మొదట్లో రాగం పేరు ఉంటుంది: సామంతం, గుండక్రియ, దేసాక్షి, సాళంగనాట. కింద పల్లవి, చరణాలు. అంతే! ఒక్క స్వరమూ లేదు. తాళ్ళపాక వారింట పాడిన వరసలు పాడేవాళ్ళతోనే పోయాయి. కొన్ని రాగాలైతే వాడుకలోనే లేవు. మాట మిగిలింది, పాట పోయింది.

అప్పటిదాకా ఆ పని చూస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశాక ఈ సంకీర్తనల పరిష్కరణ భారం శర్మగారి మీద పడింది. రేకుల మీది పాఠం సరిచూడ్డానికి పండితుడు కావాలి, పదం ఎక్కడ విరగాలో, ఏ అక్షరం మీద తాళం పడాలో తేల్చడానికి గాయకుడు కావాలి. ఆ ఇద్దరూ ఆయనలోనే ఉన్నారు. ఎన్నో సంకీర్తనలకు కొత్తగా వరస కట్టి, స్వరం రాసి అచ్చుకిచ్చారు. దీన్ని ఉత్త పరిష్కరణ అంటే నేనొప్పుకోను. ఇది వాగ్గేయకారుడితో సగం పని పంచుకోవడం. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ మరెన్నో పాటలకు బాణీలు కట్టారు.

1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ‘సంగీత కళానిధి’ ఇచ్చింది. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా సత్కరించింది. అదే రోజు ఆయన కన్నుమూశారు.

చిన్నాయనా, శనివారం భజనలో అన్నమయ్య పాట ఎత్తుకునే ముందు ఆ వరస ఎవరు కట్టారో కనుక్కుని, ఆ పేరు కూడా పిల్లలకు చెప్పండి.