మురిగిపోయిన నిధులు, మూగబోయిన పెట్టె

కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర, పాతపాళ్య చుట్టుపక్కల ఊళ్ళలో శివరాత్రి దాటిందంటే నాటకాల కాలం. సెనక్కాయలు అమ్ముడుపోయి, రాగులు కల్లం నుంచి ఇంటికి చేరి, జనం చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఆ రెండు మూడు నెలలే. అప్పుడు హార్మోనియం మేష్టరు వచ్చేవాడు. ఆయన పెట్టెను ఊరి పిల్లకాయలు పోటీపడి మోసుకొచ్చేవాళ్ళు. ఇంటికొక పూట చొప్పున ఆయనకు సంగటి, చారు. రాత్రి భోజనాలయ్యాక దేవళం ముందర పద్యాలు మొదలయ్యేవి. కురుక్షేత్రం, శనిమహాత్మె ఎక్కువగా ఆడేవాళ్ళు. పగలు మేకలు కాసేవాడు రాత్రికి దుర్యోధనుడు. తాలూకాఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, నాటకంలో రెండూ కలిసి నడిచేవి.

ఆ నాటకాల నోటుబుక్కు ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. అట్ట ఊడిపోకుండా గోనెదారంతో కుట్టి ఉండేది. కృష్ణుడి పద్యాలు ఎర్ర సిరాతో, మిగతావాళ్ళవి నీలి సిరాతో. పద్యం తెలుగు, అక్షరాలు మాత్రం కన్నడం. బడిలో నేర్చింది కన్నడమే కాబట్టి అందరూ అలాగే రాసుకునేవాళ్ళు. ఎక్కడ రాగం ఎత్తాలో, ఎక్కడ పెట్టె ఆపాలో అంచుల్లో చిన్న చిన్న గీతలు ఉండేవి. పేజీల మూలలకు లాంతరు మసి. ఒక్కో పాత్ర ఒక్కో ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. భీముడి ఇల్లు, శకుని ఇల్లు అని ఊళ్ళో పిలుచుకునేవాళ్ళు కూడా.

ఆ నాటకాలు ఇప్పుడు లేవు. టీవీ వచ్చింది, పొద్దున బస్సెక్కి బెంగళూరు పోయే కుర్రవాళ్ళు ఎక్కువయ్యారు, వానలు తగ్గి బోర్లు లోతుకు పోయాయి. ఈ కారణాలు అందరూ చెప్పేవే, అన్నీ నిజమే. ఇంకొక కారణం ఉంది. దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ నాటకాలను, ఈ మేష్టర్లను ఆదుకోవడానికని ఏటా బడ్జెట్లో డబ్బు రాస్తూనే ఉన్నారు. అందులో కొంత ఏటా ఖర్చు కాకుండా వెనక్కి పోతూనే ఉంది.

మా మేష్టరు చివరి రోజుల్లో మాసాశనం కోసం అర్జీ పెట్టుకున్నాడు. కష్టాల్లో ఉన్న వృద్ధ కళాకారులకు నెలనెలా ఇచ్చే సాయం అది. అర్జీ రాసిపెట్టింది నేనే. వయసు రుజువు దొరికింది, రేషన్ కార్డు దొరికింది. కళాకారుడనేదానికి రుజువు కావాలన్నారు.

"పెద్దాయనా, మీ నాటకాల పాంప్లెట్లు ఏమైనా ఉన్నాయా? పేపర్లో పడిన ఫోటోలు?"

"పాంప్లెట్లు ఎక్కడివి సార్, తమటె కొట్టి చెప్పేవాళ్ళం. విన్నవాళ్ళంతా వచ్చేవాళ్ళు."

ఆ గుమాస్తా మంచివాడే. నవ్వలేదు, విసుక్కోలేదు. కానీ ఫారంలో తమటెకు గడి లేదు. కాగితం తక్కువైందని అర్జీ పక్కకు పోయింది. మళ్ళీ పెట్టాం. ఈసారి ఎంపిక చేసే కమిటీ కాలం ముగిసిపోయింది, కొత్త కమిటీ ఇంకా వేయలేదు అన్నారు. ఆ తర్వాత ఎన్నికల కోడ్. మార్చి వెళ్ళిపోయింది. పథకం ఉంది, డబ్బు ఉంది, అర్హుడైన మనిషి ఉన్నాడు. మూడూ ఒకచోట కలవకుండానే ఆయన కాలం తీరిపోయింది. పెట్టె కొన్నాళ్ళు వాళ్ళింటి అటక మీద ఉంది. తర్వాత బెల్లోసు తోలును ఎలుకలు కొట్టాయి.

డబ్బు ఎలా వెనక్కి పోతుందో ఊళ్ళో మనిషికి తెలియదు. తెలియకూడదని ఎవరూ దాచలేదు గానీ, చెప్పినవాళ్ళు కూడా లేరు. ఏప్రిల్ 1న కొత్త ఏడాది మొదలవుతుంది. మార్గదర్శకాలు రావడానికి కొన్ని నెలలు. క్రియాయోజన (పనుల ప్రణాళిక) తయారుచేసి పైకి పంపి మంజూరు తెచ్చుకోవడానికి ఇంకొన్ని. మొదటి కంతు (వాయిదా) విడుదలయ్యేసరికి దసరా. పోయినేడు ఇచ్చినదానికి వినియోగ పత్రం ఇస్తే తప్ప రెండో కంతు రాదు. ఆ పత్రం మీద సంతకం పెట్టవలసిన కుర్చీ ఖాళీ, పక్క తాలూకా అధికారికి అదనపు బాధ్యత. సంక్రాంతి తర్వాత హడావిడి మొదలవుతుంది. మార్చి 31 రాత్రి ఖజానా మూసేసరికి బిల్లు పాసైతే పాసైనట్టు, లేకుంటే ఆ పద్దు మురిగిపోతుంది. మరుసటేడు బడ్జెట్ వేసేటప్పుడు "నిరుడిచ్చిందే ఖర్చు పెట్టలేదు గదా" అని ఆ పద్దును ఇంకాస్త కోస్తారు. ఆలస్యం చేసింది పైవాళ్ళు, కోత పడింది ఊరికి. ఈ అన్యాయాన్ని నేను ఎన్నటికీ ఒప్పుకోలేను.

ఏటా చివర్లో ఖర్చంతా కుమ్మరించడం గురించీ, ఇచ్చింది వాడకుండా మిగల్చడం గురించీ కాగ్ తన నివేదికల్లో రాస్తూనే ఉంది. కర్ణాటక, ఆంధ్ర అనే తేడా లేదు. ఆ నివేదికల్లో దీన్ని "పొదుపు" కింద చూపిస్తారు. మా మేష్టరుకు అందని నెలసరి సాయం కూడా ఎక్కడో ఆ పొదుపులోనే కలిసి ఉంటుంది.

మా బాగేపల్లి తాలూకా కథ ఇంకా పెద్దది. ప్రాంతీయ అసమానతల మీద 2000లో వేసిన డి.ఎం. నంజుండప్ప కమిటీ 2002లో నివేదిక ఇచ్చింది. రాష్ట్రంలో అప్పుడున్న 175 తాలూకాల్లో 114 వెనుకబడినవని తేల్చింది. వాటిలోనూ అత్యంత వెనుకబడినవి 39. బాగేపల్లి ఆ జాబితాలో ఉంది. ఆ నివేదిక ఆధారంగా 2007-08 నుంచి ఎనిమిదేళ్ళకు 31,000 కోట్ల ప్రత్యేక అభివృద్ధి యోజన పెట్టారు. కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడిందీ 2007లోనే. మాకు ఎంత ఆశ పుట్టిందో! కాగితం మీద కేటాయింపు ఒకటి, విడుదలైంది అంతకన్నా తక్కువ, ఖర్చయింది ఇంకా తక్కువ. ఎనిమిదేళ్ళ గడువు దాటింది, పొడిగింపులూ వచ్చాయి. అసమానతలు ఎంతవరకు పోయాయో చూడమని 2024లో ప్రొఫెసర్ ఎం. గోవిందరావు అధ్యక్షతన మళ్ళీ ఇంకొక కమిటీ వేయవలసి వచ్చింది.

డబ్బు ఊరికి చేరిన కాలమూ నేను చూశాను. పంచాయతీ చావడి గోడకు చెక్కపెట్టెలో రేడియో, పైన బూర. పొద్దుగూకితే రైతులు కిందే కూర్చునేవాళ్ళు. బెంగళూరు కేంద్రం కన్నడ వార్తలయ్యాక, గాలి అనుకూలిస్తే కడప కేంద్రం తెలుగు పాటలు పట్టేది. అప్పుడప్పుడు సర్కారు జీపు వచ్చి గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేసి పోయేది. ఫీల్డ్ పబ్లిసిటీ, సాంగ్ అండ్ డ్రామా డివిజన్ అని కేంద్రానికి విడివిడి విభాగాలుండేవి. 2017లో వాటిని కలిపి ఒకటే చేశారు. మా ఊరికి ఆ జీపు రావడం అంతకు చాలా ముందే మానేసింది.

1980లలో అబ్దుల్ నజీర్ సాబ్ గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడు బోరింగు లారీలు ఊరూరా తిరిగాయి. చేతిపంపు కొట్టగానే నీళ్ళు పడ్డ రోజు ముసలమ్మలు పంపుకు పసుపు కుంకుమ పెట్టారు. ఆయన్ను "నీర్ సాబ్" అని పిలిచింది జనమే. అదే సర్కారు, అదే ఖజానా, అవే ఫారాలు. మనసు పెట్టి వెంటపడ్డ మనిషి ఒకడు పైన ఉంటే డబ్బు గడప దాకా నడిచి వచ్చింది. అందుకే, పద్ధతి అంతే, ఏం చేస్తాం అనే మాట నేను నమ్మను.

పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. 1965 నాటి కర్ణాటక గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నుతో పాటు నూటికి ఆరు రూపాయలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. జనం కట్టిన ఆ సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ శాఖకు సరిగా జమచేయకపోవడం పాత రోగం. మా గ్రంథాలయం ఒకే గది. రెండు కన్నడ పేపర్లు, బీరువాలో బాగా నలిగిన ఒక వరుస తెలుగు పుస్తకాలు. వాటిలో కైవారం నారేయణ తాతయ్య కీర్తనల పుస్తకం ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండేది. చింతామణి తాలూకా కైవారంలో ఉండి తెలుగులో పాడిన ఆ తాతయ్య పాటలు మా భజన మందిరాలకు ప్రాణం. ఆ వరుస తర్వాత మళ్ళీ నిండలేదు. 2019లో గ్రామపంచాయతీ గ్రంథాలయాలు గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ కిందికి వచ్చాయి. కొన్నిచోట్ల కంప్యూటర్లు, కొత్త రంగులు కనిపిస్తున్నాయి, సంతోషమే. తెలుగు పుస్తకాల వరుస కూడా మళ్ళీ నిండాలి.

2023లో మా జిల్లా తమటె కళాకారుడు, పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఏ వాద్యానికైతే ఫారంలో గడి లేదో అదే వాద్యం రాష్ట్రపతి భవన్ దాకా వెళ్ళింది. ఆయన వెనక ఇంకా ఎందరో ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు బిరుదు ఇవ్వకపోయినా ఫరవాలేదు, వాళ్ళ పేరు మీద రాసిన డబ్బు మార్చిలోపు ఇస్తే చాలు.

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన గ్రామపంచాయతీల్లో జమాబందీ జరుగుతుంది. పోయినేటి లెక్కలు జనం ముందు చదవాలి. నేను వెళ్ళిన చోటల్లా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈసారి దయచేసి వెళ్ళండి. ఎంత రాశారు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత వెనక్కి పోయింది అని అడగండి. వచ్చిన జవాబును నడావళి (సభ తీర్మానాల) పుస్తకంలో రాయించి, కింద మీ సంతకం పెట్టి రండి.