పొరుగింటి చెవి

తన మాట పదిమందికి వినబడవలెనని కోరుకోనివారు అరుదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఆ కోరిక కొంత ఎక్కువగానే కలదు. తరగతి గదిలో చివరి బల్ల వరకు గొంతు చేర్చుట మాకు నిత్యకృత్యము. అయితే గొంతు పెంచుటకు ఒక హద్దున్నదని, ఆ హద్దును నిర్ణయించవలసినది ప్రక్కవాని చెవియేనని మాకు తెలియజెప్పినది మాత్రము మా మిద్దె మీద మేము అమర్చుకున్న రేడియో.

మానవపాడులో మేముండే వీధి ఇరుకైనది. గోడకు గోడ ఆనుకొని ఇళ్ళున్నవి. ఒకరి మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తే మూడిళ్ళ అవతలివారు తుమ్ముతారు. మా ఇంటికి ఒక ప్రక్క సన్నని సందు, దానికి అవతల మసీదు. రెండవ ప్రక్క ఒకే గోడకు ఆవల ఒక వృద్ధురాలు తన కొడుకు కుటుంబముతో ఉంటున్నది. వీధి అంతా ఆమెను అవ్వ అనే పిలుస్తుంది.

మా వ్యాపకమును గురించి కొంత చెప్పవలెను. లాభాపేక్ష లేకుండా, కేవలము అభ్యాసము కొరకు, స్నేహము కొరకు ప్రభుత్వపు లైసెన్సు పొంది రేడియోలో మాట్లాడుకొనేవారిని అమెచ్యూర్ రేడియో వారని, వాడుకలో హామ్‌లని అంటారు. మన దేశములో ఈ విద్య 1921 నాటికే అమరేంద్ర చంద్ర గుప్తుతో ఆరంభమైనది. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడిన తరువాత తెలుగు ప్రాంతములో దీనికి ఒక నిలయము కలిగినది. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షాన భారతీ ప్రసాద్ గారి బృందము అండమాను దీవులకు వెళ్ళి, ప్రపంచములోని హామ్‌లతో మాట్లాడుతుండగా, 26వ తేదీన సునామీ వచ్చినది. అంతవరకు వినోదమైన ఆ రేడియో ఆ క్షణము నుండి ఎందరికో తమవారి క్షేమము తెలిపే సాధనమైనది. ఆ వృత్తాంతము చదివిన నాటి నుండి మాకు ఈ విద్యపై మనసు నిలిచినది.

మూడేళ్ళు నూరు వాట్ల రేడియోతో సంతృప్తిగానే గడిపాము. మిద్దె మీద వెదురు గడకు కట్టిన తీగ మాకు ఏంటెన్నా. సాయంత్రము చలువ పడిన తరువాత పైకెక్కి కూర్చుంటే ఏదో ఒక దూరదేశపు గొంతు పలకరించేది. కాని వారిలో కొందరు, "మీ మాట సన్నగా వినబడుచున్నది" అనేవారు. ఆ మాట మా మనసులో ముల్లై గ్రుచ్చుకున్నది. ఒక మిత్రుని వద్ద పాత వాల్వుల ఆంప్లిఫయరు అమ్మకానికున్నదని తెలియగానే తెచ్చుకున్నాము. మాకున్న జనరల్ తరగతి లైసెన్సుకు 400 వాట్ల వరకు అనుమతి కలదు. కనుక చట్టము దృష్టిలో మేము నిర్దోషులమే.

ఇంటిలో ఖర్చును గురించి ప్రశ్న వచ్చినప్పుడు మేము మరొక కారణము కూడా చెప్పాము. 2009 అక్టోబరు తొలి దినాలలో తుంగభద్ర పొంగి కర్నూలును, ఆలంపురాన్ని ముంచినప్పుడు మేము విద్యార్థులము. కరెంటు పోయినది, ఫోన్లు మూగవోయినవి. నదికి ఆవలి ఒడ్డున ఉన్న బంధువుల క్షేమము తెలియక మా పెద్దలు అన్నము ముట్టలేదు. "అటువంటి ఆపద మరల వస్తే ఈ యంత్రమే అక్కరకు వస్తుంది" అని గంభీరముగా పలికాము. అది అప్పుడు మాకు నిజమనే తోచినది.

మొదటి పక్షము రోజులు ఆనందములో గడిచినవి. పదహారవ రోజు రాత్రి ఇషా నమాజు ముగిసిన తరువాత ఇమాం సాహెబు మా గడప వద్ద నిలిచారు. ఆయన లోనికి రాలేదు, కోపగించుకోలేదు.

"లెక్చరర్ సాబ్, మసీదు మైకులో కొన్ని దినాలుగా బాతు అరచినట్టు ఒక గొంతు వస్తున్నది. మాట తెలియదు. పిల్లలు నవ్వుతున్నారు. మీ మిద్దె మీద దీపమున్న వేళల్లోనే వస్తున్నదని ముఅజ్జిన్ అంటున్నాడు" అన్నారు.

మా ముఖము కందిపోయినది. తరగతిలో శబ్దాలంకారములు బోధించే మేము ప్రార్థనా స్థలములో బాతు గొంతుతో పలికామన్నమాట!

మరునాడు కర్నూలు నుండి ఒక హామ్ మిత్రుని రప్పించి పరిశీలించాము. మా యంత్రములో లోపము లేదు, మసీదువారి యంత్రములోను లేదు. గోడ వెంట పాకిన స్పీకరు తీగ ఇంచుమించు ముప్పై మూడు అడుగులున్నది. మేము మాట్లాడే నలభై మీటర్ల తరంగములో అది సరిగా నాలుగవ వంతు. కనుక ఆ తీగ తనకు తెలియకుండానే మాకు మరొక ఏంటెన్నా అయినది. అది పట్టి తెచ్చిన తరంగమును లోపలి ట్రాన్సిస్టర్లు వికృతమైన ధ్వనిగా మార్చినవి.

అప్పుడు మా మిత్రుడు చెప్పిన లెక్క విద్యార్థులు గుర్తుంచుకోదగినది. రిసీవరులో సంకేత బలాన్ని చూపే మీటరులో గీతకు గీతకు ఎడము ఆరు డెసిబెల్స్. శక్తిని నాలుగింతలు చేస్తే పెరిగేది సుమారు ఆరు డెసిబెల్సే. అనగా మేము నూరు వాట్లను నాలుగు నూర్లు చేసినందుకు దూరదేశపు శ్రోతకు మీటరు ముల్లు కదిలినది ఒక్క గీత. ఇటువంటి పరికరములలో పుట్టే వికృత ధ్వనియో, సాధారణముగా శక్తితో పాటే పెరుగుతుంది. అనగా పొరుగువానికి బాధ నాలుగింతలు! దూరానికి ఒక గీత లాభము కొరకు దగ్గరివారిపై నాలుగింతల భారము మోపాము.

మసీదు తీగలకు ఫెర్రైటు వలయములు తెచ్చి, ఒక్కొక్క దానిలో ఏడెనిమిది చుట్లు చుట్టి బిగించాము. ఆ ధ్వని నిలిచిపోయినది. అంతటితో ముగిసినదనుకొని ఉంటే ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయేది. మిత్రుడు, "రెండవ ప్రక్క ఇంటివారిని కూడా అడిగి చూడండి" అన్నాడు.

అడిగాము. టీవీ బాగానే ఉన్నదని కోడలు చెప్పినది. తిరిగి వస్తుండగా అరుగు ఖాళీగా ఉండుట గమనించాము. ప్రతి సాయంత్రము అవ్వ అక్కడ కూర్చుండి, వచ్చే పోయేవారిని పేరు పెట్టి పలకరించేది. "అవ్వకు ఒంట్లో బాగా లేదా?" అంటే, "చెవి మిషను తీసి పెట్టెలో పెట్టింది సార్. పెట్టుకోమంటే వద్దంటది. మాట వినబడక లోపలనే కూసుంటది" అన్నది.

అవ్వను ఆ మిషను పెట్టుకొమ్మని బ్రతిమాలి ఆమె ప్రక్కన కూర్చున్నాము. పైన మా మిత్రుడు ముందుగా నాలుగు నూర్ల వాట్లతో మాట్లాడినాడు. అవ్వ ఉలికిపడి చేయి చెవికి తీసుకొన్నది. ఆంప్లిఫయరు ఆపి నూరు వాట్లతో మాట్లాడినప్పుడు నొసలు కొంచెము ముడివేసినది. ఇరవై వాట్లకు తగ్గించినప్పుడు మా వైపు చూచి, "ఇప్పుడేం లేదు" అన్నది.

విషయము వివరించాము. ఎంత అర్థమైనదో మాకు తెలియదు. అవ్వ చాలసేపు మౌనముగా ఉండి ఇట్లు పలికినది: "నా చెవులే పూర్తిగా పోయినాయనుకుంటి నాయనా. చెవిలో ఎవరో గొణుగుతున్నరంటే ముసల్దానికి మతి పోయిందని నవ్వుతరని చెప్పలే."

మసీదులోని గొంతు పదిమంది విన్నారు గనుక మా గడప వరకు వచ్చినది. అవ్వ చెవిలోని గొంతు ఆమె ఒక్కతే విన్నది గనుక, తప్పు తనదేననుకొని పెట్టెలో దాచిపెట్టుకొన్నది. పదహారు దినాలు మేము ప్రపంచముతో మాట్లాడినాము; అవ్వ తన వీధితో మాట్లాడుట మానుకొన్నది.

ఆ రాత్రి వరదను గురించి మేము చెప్పిన కారణమును మరల పరీక్షించుకున్నాము. అది కూడా నిలువలేదు. నాలుగు నూర్ల వాట్లు వెలువరించే ఆ యంత్రమునకు దానికి రెట్టింపుకు పైగా ఇంటి కరెంటు కావలెను. వరదలో ముందుగా పోయేది ఆ కరెంటే. ఆపదలో అక్కరకు వచ్చేది పన్నెండు వోల్టుల బ్యాటరీ, దానితో నడిచే చిన్న రేడియో. మరునాడు పగటి పూట బ్యాటరీతో, ఇరవై వాట్లతో హైదరాబాదును పిలిచి చూచాము. మొదటి పిలుపుకే జవాబు వచ్చినది. రాష్ట్ర రాజధాని మా మాట వినుటకు అంతకంటె బలము అవసరము లేదు.

అంతర్జాతీయ రేడియో నిబంధనలలో ఒక సూత్రము కలదు: పని నెరవేరుటకు ఎంత శక్తి అవసరమో అంతే వెలువరించవలెను. ఇది లైసెన్సు పరీక్షకు మేము చదువుకున్నదే. పొరుగువాని హక్కును గురించి మా మతము బోధించినది అంతకు ముందే, బాల్యములోనే విన్నాము. రెండూ తెలిసియుండి, లైసెన్సులోని అంకెను మాత్రమే జ్ఞాపకముంచుకున్నాము. లైసెన్సు గరిష్ఠమును చెప్పగలదు గాని, ఈ వీధిలో, ఈ గోడ ప్రక్కన ఎంత తగునో చెప్పలేదు. అది అడిగి తెలుసుకోవలసినది; అడిగినా చెప్పనివారి విషయములో గమనించి తెలుసుకోవలసినది.

విద్యార్థి మిత్రులారా, రేపు మీ చేతికి ఏ యంత్రమో, ఏ అధికారమో వస్తుంది. ఫిర్యాదు రాలేదు గనుక బాధ లేదని తలచకండి. మా ఆంప్లిఫయరు ఇప్పుడు గోనె గుడ్డలో చుట్టబడి అటక మీద ఉన్నది. రేడియో మానలేదు, శక్తి తగ్గించాము. దూరదేశపు మిత్రులు ఇప్పటికీ మా మాట సన్నగా ఉన్నదనే అంటున్నారు. సాయంత్రము మిద్దె ఎక్కబోయే ముందు అరుగు వైపు చూస్తాము. అవ్వ కూర్చుండి ఉంటుంది. "పైకి పోతున్నవా నాయనా?" అని అడుగుతుంది. మేము మెల్లగా పలికిన జవాబు ఆమెకు వినబడుతుంది.