ముళ్లడవి మీదుగా శిఖరానికి

‘ఎన్ని లీటర్లున్నాయి?’

తెల్లవారుజామున అయిదింటికి అక్క అందరి బ్యాగులూ తడిమి చూస్తోంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లని రాత్రే చెప్పింది. నాన్న బ్యాగులో రెండే ఉన్నాయి. మూడోది బరువని వంటింటి గట్టుమీద వదిలేశారు. ‘అలిపిరి మెట్లు నాలుగుసార్లు ఎక్కినవాణ్నే, నాకు చెప్పొచ్చావ్’ అన్నారు. అక్క మారు మాట్లాడకుండా మూడో సీసా కూడా సర్ది, పక్క జేబులో ఓ దువ్వెన దోపింది. కొండెక్కడానికి దువ్వెన ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టక్సన్ నగరానికి పడమటి వైపున ఉంది సవారో నేషనల్ పార్క్. ఇంగ్లిషులో అక్షరాలు చదివితే ‘సగువారో’ అని వస్తుంది. పలకాల్సింది సవారో అనే. సినిమాల్లో చేతులెత్తి నిలబడినట్టు కనిపిస్తుందే, ఆ పెద్ద జెముడు పేరది. ఆ జెముళ్ల మధ్య నుంచి వాసన్ పీక్ ఎక్కాలన్నది మా ప్రయాణం. టక్సన్ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తయిన ఆ శిఖరం ఎత్తు 4,687 అడుగులు. కింగ్ కాన్యన్ దారిలో పోవడానికి అయిదున్నర కిలోమీటర్లు, రావడానికి అంతే. అలిపిరి దారిలో నీడ ఉంటుంది, తాగునీళ్లుంటాయి. ఇక్కడ దారి పొడవునా ఒక్క కుళాయి లేదు.

పేరుకు ఎడారే కానీ ఇసుక దిబ్బలు వెతికినా కనిపించలేదు. కొండంతా చెట్లూ ముళ్లూనే! మాది అనంతపురం. వాన కోసం ఆకాశంకేసి చూడటం మాకు కొత్తేమీ కాదు. అయినా టక్సన్‌లో ఏడాదికి పడేది 300 మిల్లీమీటర్లలోపే... మా జిల్లాలో కురిసేదాంట్లో దాదాపు సగం. ఆ కాస్త వానతోనే ఇంత అడవి.

నాన్నకు మొదటి అరగంటలోనే చుట్టాలు దొరికారు. ‘ఇది మన సర్కారు తుమ్మ కదరా’ అన్నారు ఓ చెట్టు దగ్గర ఆగి. మెస్కీట్ అంటారు దాన్ని, సర్కారు తుమ్మకు దగ్గరి బంధువే. ఇంకాస్త ముందుకెళ్తే నాగజెముడు. చిన్నప్పుడు మా చేల గట్లమీద చూసిన జాతే. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి మనకొచ్చినవే మరి. నాగజెముడైతే మన పొలాలను ఎంతగా ఆక్రమించిందంటే, 1926లో శ్రీలంక నుంచి ఓ పురుగును తెచ్చి వదిలితేగానీ దక్షిణాదిన దాని జోరు తగ్గలేదు.

కానీ సవారోకు మన దగ్గర పోలిక లేదు. నలభై అడుగుల స్తంభం, ఒళ్లంతా నిలువు మడతలు. వాన పడితే హార్మోనియం తిత్తిలా ఆ మడతలు విచ్చుకుని నీళ్లు నింపుకుంటాయి. బాగా పెరిగింది ఆరు టన్నులు కూడా తూగుతుంది. వడ్రంగి పిట్టలు దానికి తొర్రలు చేస్తాయి. అవి వదిలేశాక గుడ్లగూబలు చేరతాయి. పక్కకు కొమ్మ రావాలంటే మాత్రం యాభై నుంచి డెబ్భై అయిదేళ్లు పడుతుంది. నాలుగు కొమ్మలున్న ఓ సవారో దగ్గర నాన్న టోపీ తీసి నిలబడ్డారు. ‘ఇది మా తాత ఈడుది’ అన్నారు. ఇక్కడి టొహోనో ఓధమ్ ప్రజలు వీటిని మనుషులుగానే భావిస్తారట. జూన్ చివర్లో పొడవాటి గెడలతో వీటి పండ్లు కోసి, వాటితో చేసిన మద్యంతో వానను పిలుస్తారు.

దువ్వెన సంగతి రెండో కిలోమీటర్లో తెలిసింది. చోయా అనే జెముడు పక్కనుంచి నడిచానంతే, గుడ్డంత ముళ్ల కణుపు పిక్కకు అతుక్కుంది. ‘దూకే జెముడు’ అంటారు. నిజానికి అది దూకదు, తగిలీ తగలక ముందే కణుపు ఊడొస్తుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది. బావ దువ్వెన కింద పెట్టి ఒక్క ఊపు ఊపితే ఎగిరి అవతల పడింది. నా అరుపు మాత్రం లోయంతా వినిపించే ఉంటుంది.

హోహోకమ్ జనం రాళ్లమీద చెక్కిన సుడులూ జంతువుల బొమ్మలూ దాటాక ఎండ ముదిరింది. మార్చి మొదటివారమే, వేడి పెద్దగా లేదు. కానీ గాలి పొడి. చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లెంత పోయాయో నాలుక పిడచకట్టేదాకా తెలీదు. కొండ భుజం లాంటి చోటికి చేరాక అక్క మళ్లీ సీసాలు చూసింది. నాన్న సీసాలు సగానికి పైగా ఖాళీ. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, పైగా షుగరు. సగం నీళ్లు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది అక్క పెట్టిన షరతు.

‘మీరెళ్లి రండి, నేనిక్కడే కూర్చుంటా’ అన్నారు నాన్న.

‘ఒంటరిగా వదిలి వెళ్లం మామయ్యా’ అన్నాడు బావ.

నాన్న కాసేపు శిఖరం వైపే చూశారు. అక్కడికి ఇంకో రెండు కిలోమీటర్లు ఉందేమో. గద్దిస్తారనుకున్నా. లేచి, కర్ర తీసుకుని, అక్క వెంట దిగడం మొదలెట్టారు. వంపు తిరిగేదాకా ఆ తెల్లటోపీని చూస్తూ నిలబడ్డా.

ఆ పైన దారంతా మెలికలే. పాత గనుల గోతులకు కంచెలు వేసి ఉన్నాయి. శిఖరం మీద గాలి హోరు. తూర్పున టక్సన్ నగరం, దాని వెనక శాంటా కాటలీనా కొండలు. నైరుతిన దూరంగా కిట్ పీక్. కింద లోయలో వేల సవారోలు. దువ్వెన పళ్లలా కనిపిస్తున్నాయి అందామంటే, ఆ మాట మీద ఇక నాకు మోజు లేదు.

ఇన్ని ఉన్నా బావ ముఖంలో ఉత్సాహం లేదు. ‘అన్నీ పెద్దవే, గమనించావా?’ అన్నాడు. సవారో పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. 2023 వేసవిలో ఇక్కడికి రెండు గంటల దూరంలోని ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. రాత్రిళ్లూ చల్లబడలేదు. వందేళ్ల సవారోలు కొమ్మలు రాల్చి కూలిపోయాయి. ఈ పార్కులోనేమో 1990ల నుంచీ కొత్త మొక్కలు బతకడం బాగా తగ్గిందని పరిశోధకులు చెబుతున్నారు. దిగేటప్పుడు దారికి రెండువైపులా చిన్న మొక్క కోసం వెతికాం. ఒక్కటీ కనిపించలేదు.

కింద కారు దగ్గర నాన్న మాకోసం ఎదురుచూస్తున్నారు. పైనేముందని అడగలేదు. ‘ముందు ఇటు రండి’ అంటూ దారి పక్కనున్న పాలో వెర్డీ చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. నీడలో, రాయికి ఆనుకుని, బొటనవేలంత పచ్చటి ముళ్ల బంతి.

‘ఇదీ ఆ జెముడేనా?’

అక్క వంగి చూసింది. ‘అదే నాన్నా. ఎనిమిదేళ్లకు అంగుళం పెరుగుతుంది. దీనికి పదేళ్లుండొచ్చు.’

నాన్న కర్ర పక్కన పెట్టి, దానిముందు గొంతుక్కూర్చున్నారు. ‘ఫొటో తియ్యి’ అన్నారు నాతో, ‘దగ్గరికి పోకుండా.’