పందిరి కట్టినవాళ్ల పేర్లు

2024 డిసెంబరు 15, అబర్డీన్ బజార్

రేపట్నుంచి ధనుర్మాసం. మనవాళ్ల పెళ్లి ముహూర్తాలు మళ్లీ మాఘంలోనే. మా టెంట్ హౌస్ గోడౌన్ తలుపులు బార్లా తీసి సామాను చూసుకోవడానికి ఏడాదిలో దొరికే తీరిక ఇదే. మొన్నటి పెళ్లి నుంచి వచ్చిన కనాతులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. మే నెలలో పట్టిన వాన డిసెంబరు దాకా వదలని ఊరిది. తడిగుడ్డ మడతపెట్టామా, వారం తిరక్కుండా నల్లటి బూజు చుక్కలు తేలతాయి. ట్రస్ పైపులను ఉప్పుగాలి తినేస్తుంది. ప్రతి బోల్టూ విప్పి, తుప్పు గీకి, నూనె రాసి మళ్లీ బిగించాలి. మా పందిరి మేస్త్రి మావ ఈ పని కుర్రాళ్లకు వదలడు. చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విని, మంచివి ఒక డబ్బాలో, పనికిరానివి ఇంకో డబ్బాలో వేస్తున్నాడు.

బిల్లు పుస్తకాలు కొత్తగా అచ్చు వేయించాలి. సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. బజారు మాత్రం అబర్డీన్ బజారే. గంటాఘర్ దగ్గర టెంట్ హౌస్ అంటే ఆటోవాళ్లు తెచ్చి దింపుతారు.

డిసెంబరు 18

హైదరాబాద్ నుంచి అన్నయ్య, మా పెద్దమ్మగారి అబ్బాయి, ఫోన్. శుక్రవారం రాత్రి ఈవెంట్స్ వాళ్ల అవార్డుల ఫంక్షన్ ఉందట. వాళ్ల కంపెనీ చేసిన ఒక పెళ్లి అలంకరణ ఫైనల్‌కి వచ్చింది. లైవ్ లింకు పంపాడు. "మావను కూడా కూచోబెట్టి చూపించు చెల్లీ, ఆయన దగ్గరే కదా నేను ముడి వేయడం నేర్చుకున్నాను" అన్నాడు. అన్నయ్య చదువయ్యాక మా దగ్గర ఒక సీజన్ పనిచేసి వెళ్లినవాడు.

ఈ అవార్డులు ఎలా ఇస్తారని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. విభాగాలుంటాయి: పెళ్లి, కంపెనీ సభ, ఎగ్జిబిషన్, లైటింగ్, వేదిక అలంకరణ. చేసిన పనిని చిన్న వీడియోగా కట్టి, ఖర్చెంత, అతిథులెందరు, ఏ ఇబ్బంది వస్తే ఎలా దాటారు అన్నవి రాసి పంపాలి. జ్యూరీ వడపోస్తుంది. మన దేశంలో ఈవెంట్స్ కంపెనీల సంఘం ఈమా 2008లో పుట్టింది. హైదరాబాద్‌లో తెలంగాణ చాంబర్ ఆఫ్ ఈవెంట్స్ ఇండస్ట్రీ ఉంది. అమెరికాలో అయితే 1987లోనే ఈ పనివాళ్లకు ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. వాళ్లిచ్చే బహుమతుల పేరు ఎస్ప్రీ అవార్డులు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగా ఉంది. నాన్నను ఊళ్లో అందరూ 'షామియానావాడు' అనేవారు. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి, నాలుగు పందిళ్ల సామానుతో మొదలుపెట్టిన మనిషి. ఆయన చేసిన పనికి ఇవాళ సంఘాలున్నాయి, జ్యూరీలున్నాయి, సూట్లు వేసుకుని వెళ్లే రాత్రి ఒకటుంది. ఇది ఎప్పుడో రావలసిన గౌరవం.

డిసెంబరు 20, రాత్రి

షట్టరు సగం దించి అందరం టీవీ ముందు చేరాం. మావ, జనరేటర్ చూసే రాంచీ కుర్రాడు, జంగ్లీఘాట్ నుంచి వచ్చే ఇద్దరు అన్నదమ్ములు (చేపల వేట లేని రోజుల్లో మాకు పందిరి పని చేస్తారు), వంటమేస్త్రి, నేను. చిత్రం ఎక్కడా ఆగలేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ తెరిచేదాకా ఇక్కడ ఒక ఫొటో పంపడానికి కూడా తెల్లారిపోయేది. కోల్‌కతా డెకరేటర్ల డిజైన్లు కావాలంటే నాన్న ఓడలో వచ్చేవాళ్ల చేత పుస్తకాలు తెప్పించుకునేవాడు.

హాలు చాలా బాగుంది, ఒప్పుకోవాలి. మామూలుగా ఇలాంటి చోట బంగారు రంగు ఎక్కువైపోతుంది. ఇక్కడ అలా లేదు. బల్లల మీద తెల్లగుడ్డ, పొట్టి గాజుపాత్రల్లో ఆకుపచ్చ ఆకులు, అంతే. ఎదుటివాళ్ల ముఖం కనబడేంత ఎత్తులోనే పూలు. వేదిక వెనక ఎల్‌ఈడీ తెర వెలుగు తగ్గించి పెట్టారు, మాట్లాడేవాళ్ల కళ్లు చెదరకుండా. హాలు నడిమధ్య పైనుంచి తెల్ల పూలతో కట్టిన పెద్ద షాండ్లియర్ వేలాడుతోంది. కెమెరా దాని మీదకి వెళ్లినప్పుడల్లా మావ ముందుకు వంగుతున్నాడు.

"ఆ గుత్తి తడిసిన స్పాంజితో కట్టుంటారు. నీళ్ల బరువే బోలెడుంటది. దేనికి కట్టారో చూడమ్మా" అన్నాడు.

వెనక్కి తిప్పి, చిత్రం ఆపి చూపించాను. ట్రస్‌కి వేసిన గొలుసు కాక, పక్కనే సన్నటి ఉక్కుతీగ ఒకటి వదులుగా వంగి ఉంది. గొలుసు తెగితే పట్టుకోవడానికి వేసే రెండో తీగ. పైనున్న లైట్లకి కూడా ఒక్కొక్క దానికీ ఆ తీగ ఉంది.

"రెండో తీగ వేశారు. కట్టినోడు పనోడు" అన్నాడు మావ. ఆ తర్వాత వెనక్కి ఆనుకుని నిశ్చింతగా చూశాడు.

అన్నయ్యవాళ్లకు బహుమతి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. వేదికెక్కిన యజమాని క్లయింటుకీ, కుటుంబానికీ, 'నా టీమ్‌కీ' కృతజ్ఞతలు చెప్పారు. రాత్రంతా కంపెనీల పేర్లు విన్నాను. ఆ తీగ వేసినవాడి పేరు ఎవరైనా చదువుతారేమోనని చివరిదాకా కూర్చున్నాను.

డిసెంబరు 22

ఆదివారం. సాయంత్రం అబర్డీన్ జెట్టీ దాకా నడిచాను. ఐదున్నర కొట్టేసరికి చీకటి పడిపోయింది. ఎదురుగా రాస్ ద్వీపం. 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. ఈ ఊళ్లో సొగసైన విందు రాత్రులంటే మొదట జరిగింది అక్కడే. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆ తర్వాత ఆ చిన్న దీవి ఇంగ్లీషువాళ్ల రాజధాని అయింది. చర్చి, క్లబ్బు, నాట్యానికి హాలు, టెన్నిస్ కోర్టు, రొట్టెల బట్టీ. అడవి కొట్టి చదును చేసిందీ, ఇటుక మోసిందీ ఖైదీలే. ఈ ఒడ్డున నిలబడి చూసినవాళ్లకు ఆ దీపాలు కనబడే ఉంటాయి. 1941 జూన్‌లో భూకంపం, 1942 మార్చిలో జపాన్ సైన్యం. ఇప్పుడు ఆ గోడలను మర్రి, రావి వేళ్లు పట్టుకుని నిలబెడుతున్నాయి. చీఫ్ కమిషనర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. నాట్యశాల నేలకు పలకలు పరిచిన ఖైదీ పేరు నాకెక్కడా దొరకలేదు. మొన్న రాత్రి నుంచి మనసులో తిరుగుతున్నది ఇదే.

డిసెంబరు 23

ఈ తేదీ మా వృత్తిలో ఎవరూ మరవకూడదు. 1995లో ఇదే రోజు హర్యానాలోని డబ్వాలీలో ఒక కల్యాణమండపంలో బడి వార్షికోత్సవం జరిగింది. పిల్లలకు బహుమతులిచ్చే సభ. సింథటిక్ గుడ్డ షామియానాకు నిప్పంటుకుంది. కాలే గుడ్డ జనం మీద కూలింది, బయటపడే దారి చాలలేదు. 442 మంది పోయారు. సగానికి పైగా పిల్లలే.

ఆ వార్త చదివినప్పటి నుంచి నాన్న రెండు పద్ధతులు పెట్టాడు. పందిరికి మూడు వైపులా దారి ఉండాలి. కరెంటు వైరు గుడ్డకి ఆనకూడదు, మధ్యలో వెదురు గడ ఉండాలి. డబ్బున్న పార్టీ వచ్చి 'మూడోవైపు దారి మూసేసి అక్కడ సెల్ఫీ గోడ పెట్టండి' అన్నా మావ ఒప్పుకోడు. ఆ ఆర్డరు పోయినా సరే.

డిసెంబరు 26

సునామీకి ఇవాళ్టికి 20 ఏళ్లు. నాకప్పుడు ఇంటర్. పొద్దున్నే మంచాలు ఊగాయి. కాసేపటికి జెట్టీ దగ్గర సముద్రం రోడ్డెక్కింది. తర్వాతి రోజుల్లో నికోబార్ దీవుల నుంచి ఓడల్లో, విమానాల్లో జనాన్ని ఇక్కడికి తెచ్చారు. నాన్న గోడౌన్ తాళాలు తీసి, ఉన్న సామానంతా శిబిరాలకు పంపాడు. పెళ్లికి వాడే ఎర్ర చాందినీల కింద జనం పడుకున్నారు. విందుల గుండిగల్లో గంజి కాచారు. మావ అప్పుడు కుర్రాడు. గాలి ఎటు వీస్తుందో చూసి, వంటపొయ్యిల పొగ పిల్లల మీదకు పోకుండా పందిళ్లు తిప్పి వేశాడట. ఒక్క కనాతు వెనక్కి రాలేదు, నాన్న ఒక్క బిల్లు రాయలేదు.

నా లెక్కలో ఈ టెంట్ హౌస్ చేసిన అతి గొప్ప పని అదే. ఏ విభాగంలో పెట్టినా దానికే మొదటి బహుమతి ఇస్తాను.

డిసెంబరు 30

1943లో నేతాజీ ఇక్కడ జెండా ఎగరేసిన రోజు. బజారంతా సందడి. మాకు కుర్చీలు, మైకుల పని. పొద్దున మూడింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి సర్దేశాం. అలసిపోయాను.

2025 జనవరి 5

అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది మమ్మల్ని కూడా ఒక ఎంట్రీ పంపమంటున్నాడు. మాఘంలో స్వరాజ్ ద్వీపంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. ఇసుక మీద వేదిక, పోక మొద్దుల స్తంభాలు, కొబ్బరాకు దడి, మామిడి తోరణం. మల్లెలూ చామంతులూ మాత్రం చెన్నై నుంచి విమానంలో రావాలి, ఆపైన పడవలో. పోటు ఎంతవరకు వస్తుందో చూసుకుని గుంజలు పాతాలి. పెళ్లయ్యాక ఒక్క మేకు, ఒక్క ప్లాస్టిక్ తాడు ఇసుకలో మిగలకూడదు. దీన్ని వీడియో తీసి పంపడానికి నాకు సిగ్గేం లేదు. మెయిన్‌ల్యాండ్ వాళ్లకు తెలియని కష్టం ఇందులో చాలా ఉంది.

ఎంట్రీ పంపేటప్పుడు దాంతోపాటు రాయదలచుకున్న ఉత్తరం ఇది. ఇవాళే రాసిపెట్టుకుంటున్నాను.

జ్యూరీ పెద్దలకు: అందానికి మార్కులు వేయండి, ఆ అందం కోసమే మేం రాత్రుళ్లు మేలుకుంటాం. దాంతోపాటు దారులు ఎన్ని వదిలారు, పైన వేలాడే ప్రతిదానికీ రెండో తీగ ఉందా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, విప్పాక నేల ఎలా ఉంది అని కూడా అడగండి. మా ఎంట్రీ చివర పందిరి వేసినవాళ్లు, కరెంటు చూసినవాళ్లు, వండినవాళ్లు, పడవలోకి సామాను మోసినవాళ్లు, అందరి పేర్లూ ఇస్తున్నాం. బహుమతి మాకు రాకపోయినా ఫరవాలేదు. ఎవరికి ఇచ్చినా వాళ్ల పనివాళ్ల పేర్లు కూడా అడిగి తీసుకుని, ఆ రాత్రి వేదిక మీద చదివించండి.