అనుకోవడంలో తేడా

ఇంగ్లీషులో అస్యూమ్, ప్రిజ్యూమ్, సపోజ్ అని మూడు క్రియలున్నాయి. పరీక్షల్లో మనం మూడింటికీ 'అనుకొను' అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. నేనూ అలాగే రాశాను. ఆ అలవాటు ఒకసారి మా ఇంటి మీదికి తెచ్చింది. అందుకే ఈ వ్యాసం.

ముందు తేడా చెబుతాను. లెక్కల సారు బోర్డు మీద "ఎక్స్ అనుకోండి" అంటారు. అది నిజమో కాదో ఎవరికీ పట్టదు. లెక్క నడవడానికి అనుకుంటాం. అది సపోజ్. రాత్రి భోజనం బెల్లు కొట్టగానే "ఈ రోజు గుడ్డు ఉంటుంది" అనుకుని ప్లేటు పట్టుకుని పరుగెత్తుతాం. ఆధారమేమీ లేదు, ఆశ ఒక్కటే. అది అస్యూమ్. పొద్దున గుడ్ల ట్రేలు దిగడం కళ్ళారా చూసి, లేవని తేలేదాకా ఉన్నట్టే అనుకోవడం ప్రిజ్యూమ్. లాటిన్‌లో ఈ మాటకు మూలార్థం 'ముందుగా తీసుకోవడం'. లేని చనువు తీసుకుని హద్దు మీరడం అనే అర్థం కూడా దీనికి ఉంది.

మాది భద్రాచలం అడవి అంచున ఏజెన్సీ ఊరు. మేం దళితులం, చట్టం ప్రకారం గిరిజనేతరులం. నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఎకరంన్నర చెలక గురించి ఇంగ్లీషులో టైపు చేసిన నోటీసు వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరంతా వింటుండగా గర్వంగా చదివాను. 'షల్ బి ప్రిజ్యూమ్డ్' అన్నచోట ఆగి, "మన భూమి కోయోళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని వాళ్ళు అనుకుంటున్నరు నాయనా" అని చెప్పాను.

"అనుకుంటే అనుకోనియ్‌రా. అనుకున్నంత మాత్రాన అయితదా?" అన్నాడు నాయన. వాయిదాకు పోలేదు.

సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చి, లా చదువుతున్న మన సీనియర్ అన్నకు ఆ కాగితం చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. "తమ్ముడూ, ఇది ఉత్త అనుకోవడం కాదు" అని వివరంగా చెప్పాడు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే 'మే ప్రిజ్యూమ్', 'షల్ ప్రిజ్యూమ్' అని రెండు రకాలున్నాయి. మొదటిది కోర్టు ఇష్టం. రెండోదానిలో కోర్టు అలా భావించి తీరాలి, కాదనేవాడే రుజువు చేసుకోవాలి. (2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. ఈ తేడా మాత్రం అలాగే ఉంది.)

మనం 1/70 అని పిలిచేది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావించాలని అందులో ఉంది. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణ చెల్లుతుందని చెప్పింది.

నాకు కోపం వచ్చింది. దొంగను కూడా రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు కదా, మాకు మాత్రం తిరగేసి ఎందుకు అనుకోవాలి? ఆ మాటే నా రూమ్మేట్‌తో అన్నాను. వాడు కోయ. "మా తాత దగ్గర ఏ కాగితం ఉందిరా? ఆయన దగ్గరున్నది బొటనవేలే. అది కూడా షావుకారు కాగితం మీదే పడింది. రుజువు చెయ్యమని మమ్మల్ని అడిగితే ఏం చూపించాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రుజువు కోసం ఇంటికి పోయి పెట్టె అంతా వెతికాను. శిస్తు రసీదులు తప్ప ఏమీ దొరకలేదు. చివరికి నాయనమ్మను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "కరువు నాడు రెండు బస్తాల జొన్నలిచ్చి మీ తాత తీసుకున్నడు బిడ్డా. మళ్ళ ఇస్తమనే అన్నం. ఇయ్యలే. దున్నంగ దున్నంగ మనదే అనుకున్నం."

చట్టం అనుకున్నదే నిజమైంది. మేం అనుకున్నదే తప్పు.

తర్వాతి వాయిదాకు నేనూ నాయన వెంట పోయాను. అబద్ధం చెప్పొద్దని దారిలో బతిమాలాను. నాయన ఉన్నదే చెప్పాడు. భూమి ఆ కోయాయన మనవళ్ళకు పోయింది. నాయన నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మిరప తోటల్లో కూలికి పోతున్నాడు. నా పీజీ ఫీజులో ఆ కూలి డబ్బులు కూడా ఉన్నాయి. జరిగింది న్యాయమేనని నాకు తెలుసు. అయినా మా చెలక పక్కగా బస్సు పోతుంటే అటు చూడలేను.

తమ్ముళ్ళూ, మీలో చాలామంది మీ ఇంట్లో మొదటి చదువరులు. ఊరి నుంచి ఏ కాగితం వచ్చినా ముందు మీ చేతికే ఇస్తారు. తెలియని మాట దగ్గర తెలిసినట్టు చదవకండి. "ఆగు నాయనా, అడిగి చెబుతా" అనండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. నేను ఆ మాట అనలేక ఒక వాయిదా పోగొట్టాను.