షిఫ్టు అయిదుసార్లు

షార్ట్‌కట్ అన్న మాటని తెలుగులో అడ్డదారి అంటే ఏదో చెయ్యరాని పని చేస్తున్నట్టు ఉంటుంది. దగ్గరదారి అంటే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ, కంప్యూటర్ మీటల విషయంలో ఎవరూ అలా అనగా నేను వినలేదు. అమెరికాలో ఉన్నా అమలాపురంలో ఉన్నా అందరం కంట్రోల్ సి, కంట్రోల్ వి అనే అంటాం. "మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకేమిటండీ, ఆ రెండు మీటలతో బతికేస్తారు" అని వేళాకోళం చేసే బంధువులు కూడా ఆ మాట వాట్సాప్‌లో ఎక్కడినుంచో కాపీ చేసే పంపిస్తారు.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ న్యూజెర్సీలో ఏ మీట నొక్కితే ఏం జరగాలో రాసే ఉద్యోగంలోనే ఉన్నాను. డాక్టర్ల ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే ప్రోగ్రాం మాది. ముందు డెస్క్‌టాప్‌కి, తర్వాత ఫోన్‌కి. చెప్పుకోవడానికి గొప్పగా ఉండే పని కాదు. మా ఆవిడ స్నేహితురాళ్ళు "మీవారు ఏం చేస్తారు?" అని అడిగితే ఆవిడ "కంప్యూటర్స్" అని ఊరుకుంటుంది. నాకూ అదే సుఖం. అయితే ఈ మీటల వెనక ఉన్న కథలు తవ్వితే చాలా ఉన్నాయి.

కంప్యూటర్ బిగుసుకుపోతే నొక్కే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ సంగతే తీసుకోండి. 1981లో వచ్చిన ఐబిఎం పీసీని ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో తయారుచేసిన ఇంజనీర్లలో డేవిడ్ బ్రాడ్లీ ఒకాయన. పరీక్షలు చేస్తుంటే యంత్రం మాటిమాటికీ ఆగిపోయేది. ప్రతిసారీ స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి, అది తన ఒళ్ళు తాను తడుముకుని చూసుకునేదాకా కూర్చోవడం విసుగు. అందుకని మీటలతోనే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు చేశాడు. మొదట డిలీట్ స్థానంలో ఎస్కేప్ ఉండేది. ఆ మూడు మీటలూ ఎడమ పక్కనే ఉండటంతో ఒక్క చేతికే తగిలి, చేస్తున్న పనంతా పోయే ప్రమాదం ఉందని మూడోదాన్ని కీబోర్డు అవతలి వైపుకి మార్చాడు. రెండు చేతులూ పెడితే తప్ప జరగకూడదని కావాలనే చేసిన పని అది. అదీ తోటి ఇంజనీర్ల కోసం. ఊరందరూ వాడతారని ఎవరూ అనుకోలేదు.

కాపీ, పేస్ట్‌ల కథ ఇంకా వెనకది. కాలిఫోర్నియాలో జిరాక్స్ వాళ్ళ పరిశోధనశాలలో 1974 ప్రాంతంలో బ్రేవో అని ఒక ఎడిటర్ ఉండేది. అందులో మీరు ఏ స్థితిలో ఉన్నారన్నదాన్ని బట్టి అదే మీట ఒకసారి అక్షరం, ఒకసారి ఆజ్ఞ. ఆజ్ఞల స్థితిలో ఉన్నానని మర్చిపోయి "ఎడిట్" అన్న ఇంగ్లీషు మాట కొట్టారనుకోండి. 'ఇ' అంటే మొత్తం పట్టుకో, 'డి' అంటే తీసెయ్, 'ఐ' అంటే చేర్చు. రాసిందంతా మాయమై, దాని చోట ఒక్క 'టి' మిగిలేది. ఈ బాధ పడలేక లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు అక్కడే జిప్సీ అనే ఎడిటర్ తయారుచేశారు. అక్షరం ఎప్పుడూ అక్షరమే. ముందు మాటని ఎంచుకో, తర్వాత ఏం చెయ్యాలో చెప్పు. మనం ఈ రోజు చేసే కట్, కాపీ, పేస్ట్ అక్కడినుంచి వచ్చినవే. టెస్లర్ తర్వాత ఆపిల్‌లో చేరాడు. 1983లో వచ్చిన లీసా కంప్యూటర్ నాటికి ఆ పనులు కింది వరసలో పక్కపక్కనే ఉన్న జెడ్, ఎక్స్, సి, వి మీటల మీద కూర్చున్నాయి. ఆయన 2020లో పోయాడు.

పక్కపక్కనే అన్నది కూడా ఇంగ్లీషు వాడికే. జర్మన్ కీబోర్డులో జెడ్, వై తారుమారుగా ఉంటాయి. ఫ్రెంచి వాడి జెడ్ పై వరసలో ఉంటుంది. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కడమూ, యూరప్ కీబోర్డుల మీద కుడిపక్క ఉండే ఆల్ట్ జీఆర్ అనే మీట నొక్కడమూ ఒకటే. మనం హాయిగా కంట్రోల్ ఆల్ట్ ఎస్‌కి ఏదో పని అప్పగిస్తే, పోలండ్ వాడు తన భాషలో 'శ' లాంటి అక్షరం రాయబోయినప్పుడల్లా ఆ పని జరిగిపోతుంది. ఒక మీటకి పని చెప్పేముందు ఇవన్నీ చూసుకోవాలి. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం ఇంకా కష్టం. 1987లో ఐబిఎం పెట్టిన పద్ధతిలో కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కి షిఫ్ట్ ఇన్సర్ట్. అవి విండోస్‌లో చాలాచోట్ల ఈనాటికీ పనిచేస్తాయి. ఎవరి వేళ్ళకో అలవాటైపోయాయి, పాపం వాళ్ళనేం చేస్తాం?

ఇదంతా నాకు ఉద్యోగంలో భాగంగా తెలిసిన సంగతే. దీని విలువ తెలిసింది మాత్రం మా నాన్న దగ్గర.

నాన్న గుంటూరు జిల్లాలో ఒక కోర్టులో తెలుగు టైపిస్టుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. లోయరు, హయ్యరు రెండూ పాసైన మనిషి. సాక్షుల వాంగ్మూలాలు ఆయన కొడుతుంటే వరండాలో ఉన్నవాళ్ళకి వాన పడుతున్నట్టు వినపడేదని అమ్మ చెప్పేది. 2011లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా అయిపోయింది. మరుసటేడు మా దగ్గరికి తీసుకొచ్చాం.

చలికాలం, బయటికి వెళ్ళేది లేదు. టీవీ ఎంతసేపని చూస్తారు? ఒకరోజు "ఒరే అబ్బాయ్, దీంట్లో తెలుగు కొట్టొచ్చా?" అని అడిగారు. నేను ఉత్సాహంగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి చూపించాను. మన ప్రవాసుల్లో చాలామందికి తెలుగు రాయడం తిరిగి వచ్చింది ఆ పద్ధతి వల్లనే. నాన్న రెండు నిమిషాలు చూసి, "అమ్మ అని కొట్టడానికి ఏ, ఎం, ఎం, ఏ ఎందుకురా? తెలుగు మనిషి తెలుగు కొట్టడానికి మధ్యలో ఇంగ్లీషు వాడెవడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అమరిక పెట్టి, అక్షరాలు అచ్చువేసిన స్టిక్కర్లు మీటల మీద అంటించాను. మన దేశపు లిపులన్నిటికీ కలిపి 1986లో ప్రభుత్వం ఖాయం చేసిన అమరిక అది. ఎడమ పక్క అచ్చులూ గుణింతాలూ, కుడి పక్క హల్లులు. క మామూలుగా నొక్కితే వస్తుంది, అదే మీట షిఫ్టుతో నొక్కితే ఖ. ద మీద షిఫ్టు ధ, బ మీద షిఫ్టు భ. అల్పప్రాణానికి ఒత్తు పలికినట్టే షిఫ్టు. నాన్నకి ఇది భలే నచ్చింది. టైపు మిషను అమరిక వేరు, అయినా పది రోజుల్లో పట్టేశారు.

చిక్కల్లా షిఫ్టు దగ్గరే వచ్చింది. ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. చిటికెన వేలితో ఎడమ షిఫ్టు పట్టుకుని, బొటనవేలు చాచి కుడి చివరున్న ధ అందుకోవాలి. డెబ్భై రెండేళ్ళ చేతికి అది అయ్యే పని కాదు. "ధర్మం కొట్టలేకపోతున్నానురా, దర్మం అవుతోంది" అని నవ్వారు. ఆ నవ్వు నాకు బాగాలేదు.

షిఫ్టు మీట వెంటవెంటనే అయిదుసార్లు నొక్కితే విండోస్‌లో స్టికీ కీస్ అని ఒకటి అడుగుతుంది. పిల్లలు ఆటలాడుతూ షిఫ్టు టకటకా నొక్కినప్పుడు అడ్డొచ్చి తిట్లు తినే పెట్టె అదే. దానికి సరే అంటే, షిఫ్టు నొక్కి వదిలెయ్యొచ్చు. తర్వాత నొక్కిన మీటకి అది వర్తిస్తుంది. కంట్రోల్, ఆల్ట్ కూడా అంతే. రెండుసార్లు నొక్కితే తీసేదాకా బిగిసి ఉంటుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ట్రేస్ సెంటర్ వాళ్ళు ఇలాంటివన్నీ చేసి ఇస్తే, విండోస్ 95 నుంచీ అందులోనే కలిసి వస్తున్నాయి. నాన్నకి చూపించగానే "ఓస్, షిఫ్ట్ లాకు!" అన్నారు. ఆయన మిషనులో షిఫ్టు అంటే నిజంగానే సామానంతా పైకి జరిగేది. అలా జరగబట్టే దానికా పేరు. 1878 నాటి రెమింగ్టన్ మిషను నుంచీ ఉన్నదే. బిగించి పెట్టడానికి పక్కన లాకు మీట ఉండేది. కొత్తదేదో నేర్పుతున్నానని నేననుకుంటే ఆయనకది పాత నేస్తం. కంట్రోల్ నొక్కి వదిలి ఎస్ నొక్కితే దాచుకున్నట్టని నేర్చుకున్నారు. బ్రాడ్లీ రెండు చేతులకి అప్పగించిన ఆ మూడు మీటల పని కూడా ఒక్కచేత్తో చేసేవారు.

ఇంకో విషయం ఆయనే కనిపెట్టారు. స్త్రీ అనే అక్షరం మనకి ఒకటి, కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మా ఇంట్లో కంప్యూటర్ మీద వెనకనుంచి బ్యాక్‌స్పేస్‌తో చెరిపితే ఒక్కో ముక్కే పోయేది. ముందునుంచి డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోయేది. "ఇది ఎవడో టైపు తెలిసినవాడు పెట్టిందిరా. గుణింతం తప్పితే గుణింతమే తియ్యాలి, అక్షరమంతా ఎందుకు?" అన్నారు. అది ఎవరు పెట్టారో ఆయనకి చెప్పలేను గానీ, ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించే పెట్టి ఉంటారు. అలాంటివాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

అలా రోజుకి అరపేజీ చొప్పున రాయడం మొదలుపెట్టారు. ఏమిటని అడిగితే "ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ వాంగ్మూలాలు కొట్టాను. ఇది నాది" అన్నారు.

సరే, మా ఆఫీసు సంగతికొస్తాను. 2014లో మా ప్రోగ్రాంకి ఫోన్ వెర్షన్ వచ్చింది. ఫోన్‌లో మీటలు లేవు కాబట్టి అపాయింట్‌మెంటుని వేలితో పట్టుకుని ఇంకో రోజుకి లాగితే చాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. డెస్క్‌టాప్‌లో కూడా అలాగే మౌస్‌తో లాగాలనీ, నకలు కావాలంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని లాగాలనీ, పాత కీబోర్డు పద్ధతి తీసెయ్యాలనీ ఒక ప్రతిపాదన వచ్చింది. మా మేనేజరు మంచివాడే. తెర మీద ఒక చార్టు చూపించాడు. ఆ షార్ట్‌కట్లు వాడేవాళ్ళు పిడికెడు మంది. రెండు పద్ధతులు మెయిన్‌టెయిన్ చెయ్యడం దండగ. లెక్క తప్పేమీ కాదు.

"ఆ పిడికెడు మందీ రోజుకి ఎన్నిసార్లు వాడుతున్నారు?" అని అడిగాను. అదే లెక్కని ఇంకో రకంగా తీయించాం. వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే వాడుతున్నారు. వాళ్ళలో కొందరు మౌస్ అన్నది ముట్టుకోనే లేదు. సపోర్టు వాళ్ళని కనుక్కుంటే అందులో ఇద్దరు చూపులేని రిసెప్షనిస్టులని తేలింది. స్క్రీన్ రీడర్ తెర మీదున్నది చదివి వినిపిస్తుంది, వాళ్ళు మీటలతో పనిచేస్తారు. కనపడని బాణంగుర్తుని ఎక్కడికని జరుపుతారు? మౌస్‌తో లాగమనడమంటే ఆ ఉద్యోగం మానుకోమనడమే.

నాన్న సంగతి మీటింగులో ఎత్తలేదు. ఇంటి కష్టం ఆఫీసులో చెప్పుకుంటే జాలిపడతారు. జాలిపడి ఉంచిన ఫీచరు వచ్చే ఏడు బడ్జెట్ కోతలో పోతుంది. అందుకని రూలు చెప్పాను. వెబ్ ప్రమాణాలు 1999 నుంచీ ఉన్నాయి. 2008 నాటి రెండో కూర్పు, ప్రతి పనీ కీబోర్డుతో కూడా చెయ్యగలిగేట్టు ఉండాలని స్పష్టంగా చెప్పింది. మేనేజరు కాసేపు చూసి "ఎన్ని వారాలు?" అన్నాడు. మూడన్నాను. రెండిచ్చాడు. నేనూ, నా పక్క సీటులోని చైనా అమ్మాయీ కూర్చుని చేశాం. అపాయింట్‌మెంటుని ఎంచుకో, కట్ చెయ్యి, కావలసిన రోజుకి వెళ్ళు, పేస్ట్ చెయ్యి. ఏ మీటా నొక్కి పట్టుకుని ఉండక్కర్లేదు. నలభై ఏళ్ళ కిందట టెస్లర్ చెప్పిన పద్ధతే.

తమాషా ఏమిటంటే బ్రేవో గొడవ మళ్ళీ వచ్చింది. ఒక్క అక్షరం నొక్కితే పని జరిగే షార్ట్‌కట్లు వెబ్‌లో ఫ్యాషనయ్యాయి. చేతులు సాగని వాళ్ళు నోటితో చెప్పి రాయించుకుంటారు కదా, వాళ్ళు పలికిన మాటలోని ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞ అయిపోయి ఉత్తరాలు ఎగిరిపోతాయి. 2018 కూర్పులో అలాంటి వాటిని ఆపుకునే వీలో, మార్చుకునే వీలో ఉండాలని చేర్చారు.

నాన్న 2016లో పోయారు. ఆ ఫైలు అరవై ఒక్క పేజీలు. కోర్టు పద్ధతిలో ప్రతి పేరాకీ నంబరు వేసుకున్నారు. చివరి పేరా నంబరు 212, బాబాయితో పొలం పంపకాల దగ్గర సగంలో ఆగింది. ధర్మం అన్న మాట ఎక్కడెక్కడుందో ఒకసారి కంట్రోల్ ఎఫ్ నొక్కి వెతికాను. అన్నిచోట్లా ఒత్తుతోనే ఉంది. ఫైలు బాబాయికి పంపించాను. ఆయన ప్రింటు తీయించుకుని చదివి, పేరా 209లో సర్వే నంబరు తప్పుందని ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టెయ్యడానికి మాత్రం గంట పట్టింది.

ఇప్పుడు మా టీములో ఏ కొత్త ఫీచరైనా బయటికి పోయేముందు ఒక పరీక్ష ఉంది. మౌస్ ఊడదీసి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, షిఫ్టు అయిదుసార్లు నొక్కి, మొదటినుంచి చివరిదాకా ఆ పని చెయ్యాలి. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు నవ్వుతారు. రెండో రోజుకల్లా వాళ్ళే బగ్గులు పట్టుకొస్తారు.