బిడ్డను పోగొట్టుకున్నవాళ్లను ఏడవనివ్వండి

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులతో "విశ్వాసులు ఇంతలా ఏడవకూడదు" అనడం మన సంఘాల్లో చాలామందికి అలవాటు. ఇది ఓదార్పు కాదు, బైబిలు బోధ అంతకన్నా కాదు. పదిమంది పిల్లలను ఒక్క రోజే పోగొట్టుకున్న యోబు తాను పుట్టిన దినాన్నే శపించాడు, దేవుణ్ణి నిలదీశాడు. స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదొక్కటే. నోరు తెరిచాక, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, నువ్వూ చేసి ఉంటావు అంటూ కారణాలు వెతికారు. దేవుడు యోబును గట్టిగానే ప్రశ్నించాడు. కానీ ఆయన కోపం రగిలింది మాత్రం ఆ స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజు మీద, మిగతా ఇద్దరి మీద.

పసిబిడ్డ చనిపోగానే దావీదు లేచి భోజనం చేశాడు కదా అంటారు. నిజమే. అదే దావీదు, తన మీద తిరగబడ్డ కొడుకు అబ్షాలోము చనిపోయాడని విని, గెలిచిన సైన్యం సిగ్గుపడి ఊళ్లోకి దొంగచాటుగా వచ్చేంతగా విలపించాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడనీ గుర్తుచేస్తారు. దుఃఖమే వద్దని ఆయన రాయలేదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇక కొడుకు లేని ఇంట్లో రేపు పొద్దున లేవాల్సిన తల్లికి ఆ కన్నీళ్లు ఎలా తప్పవుతాయి? ఆ ఇంటికి వెళ్తే వాక్యం చెప్పాలన్న తొందర వద్దు. అన్నం వండి తీసుకెళ్లండి, బిడ్డ పేరు పెట్టి మాట్లాడండి, ఆమె చెప్పేది వినండి.